కొత్త రాజప్రతినిధికి ఊరి స్వాగతం: వీడియో చూసి మా అత్తమ్మ అడిగిన ప్రశ్న

నీలగిరి టీచరమ్మ (నల్లగొండ) | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్తే. ఇది ఏ విభాగంలో పెట్టాలో తెలియక ముచ్చట్లలో పెడుతున్నాను. నిర్వాహకులు కావాలంటే మార్చండి.

మా అమ్మాయి కెనడాలో ఒక చిన్న నగరంలో ఉంటుంది. వాళ్ళ ప్రావిన్స్‌కు కొత్తగా లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. అంటే రాజుగారి ప్రతినిధి. పదవిలోకి వచ్చాక మొదటిసారి ఆ ఊరికి వస్తున్నారని మేయర్ నగరం తరఫున స్వాగత సభ పెట్టారు. మా అమ్మాయి వాళ్ళ బతుకమ్మ ఆడేవాళ్ళను కూడా పిలిచారట. వీడియో పంపింది. మేయర్ మెడలో బండెడు బరువున్న గొలుసు, గుమ్మం దగ్గర గళ్ళ బట్ట చుట్టుకుని తోలుతిత్తి ఊదే ఆయన, లోపల ఒక పెద్ద పుస్తకంలో సంతకం, చప్పట్లు, చిన్న చిన్న ప్లేట్లలో తినుబండారాలు. మన వాళ్ళు రెండు నిమిషాలు ఆడారు. గచ్చు నేల మీద బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే ఆ గొలుసాయన కూడా చప్పట్లు కొట్టాడు.

మా అత్తమ్మకు 91 ఏళ్ళు. పక్కనే మంచం మీద కూర్చుని మొత్తం చూసింది. చూసి అడిగింది కదా: "మంచిగనే ఉంది గని, వెట్టికి ఎవలెవల్ని పిలిచిన్రు?"

మొదట నవ్వాను. తర్వాత నిద్ర పట్టలేదు. 32 ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని, ఆ ప్రశ్న నాకెందుకు రాలేదు?

ఇంకోటి కూడా అడుగుతున్నాను. స్వతంత్ర దేశానికి రాజప్రతినిధి ఏమిటి? మన దగ్గర ఇలాంటి స్వాగతాలు ఎలా ఉండేవి? తెలిసినవాళ్ళు రాయండి.

పాలమూరు పిలగాడు (మహబూబ్‌నగర్) | 8:52

అవ్వకు దండం 🙏 నేను వీడియో చూస్తే సమోసాలా, ఇంకేమన్నా పెట్టారా అని చూసేవాణ్ణి. అవ్వ సీదా వంటింట్లోకి పోయింది.

కెనడాకు ఇంకా రాజు ఉన్నాడా? మనం 1947లోనే వదిలించుకున్నాం కదా.

రికార్డు గది (మిర్యాలగూడ) | 9:05

తమ్ముడూ, 1947లో కాదు. 1950 జనవరి 26 దాకా మన దేశానికి కూడా బ్రిటిష్ రాజు పేరు మీద గవర్నర్ జనరలే ఉన్నాడు. ముందు మౌంట్‌బాటెన్, 1948 జూన్ నుంచి రాజాజీ. హైదరాబాద్ సంస్థానం లెక్క వేరు, దానికి 1948 సెప్టెంబర్ దాకా ఆగాలి. మిగతాది తర్వాత రాస్తాను, సీరియల్ టైమయింది, రిమోట్ నా చేతిలో లేదు.

మంచుదేశం మల్లన్న (సొంతూరు దేవరకొండ) | 9:47

టీచర్‌గారూ, నమస్కారం. నేను ఇక్కడ కెనడాలో 14 ఏళ్ళుగా ఉంటున్నాను. తెలిసినంత చెప్తాను.

కెనడాకు రాజు చార్లెసే. ఇంగ్లాండ్‌కు రాజు కాబట్టి ఇక్కడా రాజు అని కాదు, చట్టం ప్రకారం 'కెనడా రాజు' అన్నది వేరే హోదా. ఆయన ఉండేది లండన్‌లో కాబట్టి ఒట్టావాలో ఆయన బదులు గవర్నర్ జనరల్, ఒక్కో ప్రావిన్స్‌లో లెఫ్టినెంట్ గవర్నర్. గవర్నర్ జనరల్‌ను ప్రధానమంత్రి సలహా మీద రాజు నియమిస్తాడు. లెఫ్టినెంట్ గవర్నర్‌ను ప్రధానమంత్రి సలహా మీద గవర్నర్ జనరల్ నియమిస్తారు. అంటే పేరు రాజుది, ఎంపిక ప్రధానిది. మన గవర్నర్ల సంగతి తెలిసినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు.

మర్యాదల్లో చాలా లెక్కలున్నాయి. గవర్నర్ జనరల్‌కు 21 ఫిరంగుల వందనం, లెఫ్టినెంట్ గవర్నర్‌కు 15. పిలుపు కూడా వేరు, మొదటివారిని 'యువర్ ఎక్సలెన్సీ' అనాలి, రెండోవారిని 'యువర్ ఆనర్'. వందన సంగీతం వింటే నవ్వొస్తుంది. రాజు పాట 'గాడ్ సేవ్ ది కింగ్' మొదటి ఆరు గతులు (సంగీతంలో బార్లు) వాయించి, దానికి కెనడా జాతీయగీతం మొదటి నాలుగు, చివరి నాలుగు గతులు అతికిస్తారు. పాట మొదలైందో లేదో తెలిసేలోపు అయిపోతుంది.

2021 జూలై 26న మేరీ సైమన్ గవర్నర్ జనరల్‌గా ప్రమాణం చేశారు. ఇనుయిట్ ఆవిడ. రాజు పేరు మీద ఎవరి నేల తీసుకున్నారో ఆ జనంలోంచి గవర్నర్ జనరల్‌గా వచ్చిన మొదటి మనిషి. ఆ రోజు మా ఆఫీసులో చాలామంది టీవీ ముందే ఉన్నారు. ఇప్పుడు ఇక్కడ చాలా సభల మొదట్లో 'ఈ నేల ఫలానా ఆదివాసులది' అని చదువుతారు. మీ వీడియో మొదట్లో మేయర్ కాగితం చూసి చదివింది బహుశా అదే.

ఇంతా చేసి 2025 మే 27న చార్లెస్ రాజే స్వయంగా ఒట్టావా వచ్చి పార్లమెంట్‌లో ప్రసంగం చదివాడు. గుర్రపుబండిలో వచ్చాడు. రాజే వస్తే ప్రతినిధి ఏం చేయాలి? పక్క కుర్చీ.

పాలమూరు పిలగాడు | 9:55

అన్నా, పక్క కుర్చీ అన్నావు చూడు 😂 మా పెదనాన్న ఊరికి వచ్చినప్పుడు మా నాన్న పరిస్థితి.

కోటగోడ (గద్వాల) | 10:30

కుర్చీ మాట వచ్చింది కాబట్టి ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర రాజప్రతినిధి కథంతా కుర్చీ, బూట్ల కథే.

హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్ ఉండేవాడు, అంటే నిజాం దగ్గర బ్రిటిష్‌వాళ్ళ ప్రతినిధి. కోఠీలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఆ పెద్ద స్తంభాల భవనం ఆయనదే. మొదట ఈస్టిండియా కంపెనీ మనిషి, 1858 తర్వాత రాణి ప్రభుత్వం మనిషి. అయినా నిజాం దర్బారుకు పోతే బూట్లు విప్పి, అందరితో పాటు కింద తివాచీ మీద కూర్చోవాలి. ఎన్నో ఏళ్ళు అలాగే నడిచింది. 1869 ఫిబ్రవరిలో అప్పటి నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయాడు. కొడుకు మహబూబ్ అలీఖాన్‌కు రెండున్నరేళ్ళు. ఆ పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టే దర్బారుకు అప్పటి రెసిడెంట్ సాండర్స్ బూట్లతోనే వస్తానన్నాడు, కుర్చీ మీదే కూర్చుంటానన్నాడు. పెద్దాయన లేని ఇంట్లో ఎవరు కాదంటారు? అలాగే జరిగింది. మర్యాద మారిపోయింది.

ఆ రెండున్నరేళ్ళ పిల్లాడి పేరే 1890లో మన పాలమూరుకు పెట్టారు. బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ బూట్లే గుర్తొస్తాయి.

ఫిరంగుల లెక్క మనకూ ఉండేది. నిజాంకు 21, వైస్రాయ్‌కి 31, రెసిడెంట్‌కు 13. ఎవరి ముందు ఎవరు ఎంతో చెవులతో లెక్కపెట్టుకోవచ్చు.

అయితే టీచరమ్మా, ఒక్క మాట. స్వాగతం అనగానే వెట్టి అనడం నాకు నచ్చలేదు. మా గద్వాలను 'విద్వద్గద్వాల' అనేవాళ్ళు. మాఘంలో, కార్తీకంలో పండితులు, కవులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి సత్కారాలు అందుకుని పోయేవాళ్ళు. ఊరు సంబరపడేది. దాన్నీ వెట్టే అందామా?

కృష్ణ ఒడ్డు (అలంపూర్) | 10:41

కోటగోడ అన్నా, కవికి శాలువా కప్పిన చేయి కనిపిస్తుంది. ఆ శాలువా నేసిన చేయి, పండితుడి బండికి కట్టిన ఎద్దు ఎవరివో చెప్పు ముందు.

కోటగోడ | 10:44

నేసినవాళ్ళకు డబ్బులిచ్చారు తమ్ముడూ. గద్వాల చీరలు ఈ రోజుకీ బతికి ఉన్నాయంటే అందుకే. అన్నిటినీ ఒకే గాట కట్టకు.

కృష్ణ ఒడ్డు | 10:46

ఇచ్చినచోట ఇచ్చారు. ఇవ్వనిచోట పేరే మిగల్లేదు, రాయడానికి.

నిర్వాహకుడు | 10:50

ఇద్దరూ ఒక్క నిమిషం. అవ్వ ప్రశ్న దగ్గరకు రండి. గద్వాల చీరల మీద వేరే చర్చ ఉంది, 46 పేజీలయింది, అక్కడ కొట్లాడుకోండి.

రికార్డు గది | ఆదివారం, ఉదయం 6:15

నిద్ర లేచి అన్నీ చదివాను. ఇప్పుడు నా వంతు.

1860ల్లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీ చేశాక, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాక, మన జిల్లాల మీద అవ్వల్ తాలూక్‌దార్ ఉండేవాడు, ఇప్పటి కలెక్టర్ అనుకోండి. కొన్ని జిల్లాలు కలిపిన సుబా మీద సుబేదార్. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ మెదక్ సుబాలోవి. రైతుకు నిజాం ఎన్నడూ కనిపించడు. రైతుకు రాజప్రతినిధి అంటే వీళ్ళే, ఇంకా కిందికి వస్తే తహసీల్దారు, ఆయన కింద గిర్దావరు.

వాళ్ళు దౌరాకు, అంటే పర్యటనకు వస్తున్నారంటే ఊళ్ళో ఏమయ్యేదో మా తాత చెప్పేవాడు. ఆయన పట్వారీ, ఊరి లెక్కలు రాసేవాడు. అంటే మేము తీసుకున్న వైపే, ఇచ్చిన వైపు కాదు. అది దాచుకోను. కుమ్మరి కొత్త కుండలు తేవాలి, నీళ్ళు మోయాలి. చాకలి గుడారం దగ్గర గిన్నెలు, బట్టలు చూడాలి. బోయీలు మేనా ఎత్తాలి. మాదిగలు సామాను మోసుకుంటూ పక్క ఊరి పొలిమేర దాకా పోయి అక్కడివాళ్ళకు అప్పగించాలి. గొల్లవాడు గొర్రె, గౌండ్లాయన కల్లు, కోమటి ఉప్పుపప్పులు. దేనికీ పైసా లేదు. రాసుకోవడానికి మా తాత దగ్గర దఫ్తరు ఉంది కానీ, ఆ దఫ్తర్‌లో ఈ పద్దు లేదు.

దీని మీదనే కదా ఆంధ్ర మహాసభలో అంత మాట్లాడారు. మొదటి సభ 1930లో జోగిపేటలో, రెండోది 1931లో మన దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత. ఆ బూర్గులే తర్వాత హైదరాబాద్ ముఖ్యమంత్రి, 1956లో కేరళ గవర్నర్. వెట్టి గురించి మాట్లాడిన సభకు పెద్దగా కూర్చున్న పాలమూరు మనిషి పాతికేళ్ళకు రాష్ట్రపతి ప్రతినిధిగా తిరువనంతపురంలో దండలు వేయించుకున్నాడు. 1959లో అక్కడి ప్రభుత్వాన్ని దించింది కూడా ఆయన నివేదిక మీదే, అది వేరే రచ్చ.

ఇక నా కాలం. నేను డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయాను. ప్రోటోకాల్ డ్యూటీ అంటే నాకు ఇప్పటికీ కడుపులో టెన్షనే. పెద్దలెవరో యూనివర్సిటీ స్నాతకోత్సవానికో గుడికో వస్తారు. గెస్ట్‌హౌస్‌కు కొత్త దుప్పట్లు, కొత్త సబ్బు, బకెట్ కూడా కొత్తదే. హెలిప్యాడ్ అయితే దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో నీళ్ళు కొట్టించాలి, సున్నంతో గుండ్రం గీసి మధ్యలో హెచ్ అక్షరం వేయాలి. రోడ్డు పక్కన బ్లీచింగ్ గీత. బొకే, శాలువా, జ్ఞాపిక. జ్ఞాపిక మీద పేరు తప్పు పడితే ఉద్యోగం మీదికి వస్తుంది.

ట్యాంకర్ ఎవరిది? ఊరి సర్పంచ్‌ది. టెంటు? టెంట్‌హౌస్‌వాడిది. భోజనాలు? "ప్రస్తుతానికి చూసుకోండి, బిల్లు పెడదాం" అంటారు. బిల్లు పెడతాం. అది మంజూరు కాదు. నేను పనిచేసిన ఒక మండలంలో టెంట్‌హౌస్ ఆయన రోజూ పొద్దున వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు, కూర్చునేవాడు. పదకొండో రోజు నా జీతంలోంచి 4,000 తీసి ఇచ్చాను. మా ఆవిడకు ఈ రోజుకీ తెలియదు. ఇక్కడ చదివితే తెలుస్తుంది.

ఇందులో ఒకటి గమనించాను. వచ్చే పెద్దాయన చాలాసార్లు ఏమీ అడగడు. ఒకసారి ఒకాయన మజ్జిగ తప్ప ఏదీ ముట్టలేదు. పది రకాలు వండించింది మధ్యవాళ్ళ భయం. పైవాడి ఆకలి కన్నా మధ్యవాడి భయమే ఖరీదు.

గడియారం సెంటర్ (నల్లగొండ) | 7:02

సార్, మా బాబాయిది టెంట్‌హౌసే. ఆ మెట్ల మీద కూర్చున్నది ఆయన కాదు కానీ, ఆయనకూ అలాంటి మెట్లు ఉన్నాయి. ఇప్పుడు ప్రభుత్వ సభ అంటే 'షామియానాలు ఖాళీ లేవు' అంటాడు. గోడౌన్ నిండా ఉంటాయి.

పాలమూరు పిలగాడు | 7:30

సార్, మీ ఆవిడ ఈ వేదికలో లేరు కదా?

రికార్డు గది | 7:33

ఉంది. వంటల విభాగంలో.

మంచుదేశం మల్లన్న | 8:10

సార్ రాసింది చదివాక నాకో అనుమానం. మన గవర్నర్లు రాష్ట్రపతి ప్రతినిధులు, రాజు ప్రతినిధులు కారు. ఈ దర్జా అంతా అలాగే ఎందుకు ఉంది?

కోటగోడ | 8:35

మల్లన్నా, భవనాలతో పాటు మర్యాదలు కూడా వారసత్వంగా వచ్చాయి. 'హిజ్ ఎక్సలెన్సీ' అనే పిలుపు తీసేయమని 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు చెప్పారు. కాగితాల్లోంచి పోయింది, మైకుల్లోంచి ఇంకా పోలేదు. మొన్నామధ్య ఒక సభలో యాంకరమ్మ 'మహామహిమ' అని మూడుసార్లు అన్నది.

విచిత్రం ఏమిటంటే మన దగ్గర రాజే ప్రతినిధి అయిన కాలం కూడా ఉంది. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా చివరి నిజాం, మహబూబ్ అలీఖాన్ కొడుకు ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్. కొత్త రాజ్యాంగం కింద గవర్నర్ లాంటి పదవి. అంతకు ముందే, 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ వస్తే నిజామే బేగంపేట విమానాశ్రయానికి పోయి చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ ఫొటో అందరూ చూసిందే. తండ్రి గద్దె ఎక్కిన రోజు బూట్లు లోపలికి వచ్చాయి. కొడుకు కాలానికి రాజే గుమ్మం దాటి వచ్చి ఎదురుచూశాడు. ఎనభై ఏళ్ళలో ఎంత దూరం!

నిన్న కృష్ణ ఒడ్డు తమ్ముడితో కొంచెం గట్టిగా మాట్లాడాను. మా నాయనమ్మను అడిగాను పొద్దున. సంస్థానం ఊరేగింపంటే ముందు రోజు వీధంతా అలికి ముగ్గులు పెట్టేవాళ్ళట. 'కూలి ఇచ్చేవాళ్ళా?' అన్నాను. 'పండగకు కూలేందిరా' అంది. అది సంబరమో వెట్టో నాకు తేలలేదు. ఆమెకూ తేలినట్టు లేదు.

కృష్ణ ఒడ్డు | 8:50

అన్నా, అంత మాట అన్నావు చాలు. ఈసారి అలంపూర్ వస్తే చేపల పులుసు నాది. కూలి అడగను.

నీలగిరి టీచరమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3:20

అందరికీ ధన్యవాదాలు. రికార్డు గది సార్ రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. 'పట్వారి మనుమడా? పోనీలే, నిజం చెప్పిండు' అంది.

తర్వాత ఆమే మొదలుపెట్టింది. 40 ఏళ్ళ కాపురంలో నాకు ఈ ముచ్చట చెప్పలేదు. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"నాకు తొమ్మిది, పదేండ్లుంటయేమో. మా నాయిన కుమ్మరి. దేవరకొండ దిక్కు నుంచి కొత్త సార్ ఎవలో ఒస్తుండని పటేల్ మనిషి చెప్పిపోయిండు. కొత్తగ ఒచ్చిండంట, మొదటిసారంట. ఊరంత అలికిన్రు. మామిడాకులు కట్టిన్రు. మా నాయిన ఇరవై కుండలు కొత్తయి తీసకపోయిండు. మా ఇంట్ల ఒక్కటే కోడి. ఎర్రది. పొదిగేసిన కోడిని పట్టద్దని మా అవ్వ ఒక్కతీరుగ మొత్తుకుంది. పట్టుకపోయిన్రు. గుడ్లు సల్లవడ్డయి. నేను గంపల చెయ్యి పెట్టి చూస్తనే ఉన్న.

ఒకరోజు చూసిన్రు, రెండ్రోజులు చూసిన్రు. గా సార్ రానేలే. వేరే తొవ్వల పోయిండంట. కోళ్ళను పటేల్ ఇంటోళ్ళు, జవాన్లు తిన్నరు. మా నాయిన కుండలు ఎవలూ తిరిగియ్యలే. గా సార్ మొకం ఎట్లుంటదో గిప్పటికీ నాకెర్క లేదు."

నేను ఏమీ అనలేకపోయాను. ఆమె మాత్రం ఏడవలేదు. మళ్ళీ వీడియో పెట్టమంది.

మంచుదేశం మల్లన్న | 3:34

మాది కూడా దేవరకొండ దిక్కే టీచర్‌గారూ. ఆ రోడ్డు మీద చిన్నప్పుడు వెయ్యిసార్లు తిరిగాను. ఇక ఆ మామిడి చెట్లను వేరే కంటితో చూస్తాను.

రికార్డు గది | 3:50

అమ్మకు నా దండం చెప్పండి. మా తాత దఫ్తర్‌లో ఇలాంటి పద్దు లేదని పొద్దున రాశాను. ఇప్పుడు ఎర్రకోడి పద్దు ఇక్కడ రాసి ఉంది.

మీ అమ్మాయిని ఒకటి అడుగుతారా? ఆ సభ ఖర్చు ఎవరు పెట్టారో. ఉద్యోగబుద్ధి, పోదు.

నీలగిరి టీచరమ్మ | రాత్రి 9:15

అడిగాను సార్. అక్కడ ఇప్పుడు పొద్దున్నే కాబట్టి వెంటనే చెప్పింది. నగర కౌన్సిల్ బడ్జెట్‌లోంచి ఖర్చు పెట్టారట. ఎంత అన్నది కౌన్సిల్ మీటింగ్ కాగితాల్లో ఎవరైనా చూసుకోవచ్చట. తిత్తి ఊదినాయనకు డబ్బులిచ్చారు. మన బతుకమ్మవాళ్ళకు ఇవ్వలేదు, వీళ్ళు అడగలేదు. దాని మీద మా అమ్మాయికీ నాకూ చిన్న వాదన అయింది, అది ఇంకోరోజు.

అత్తమ్మ వీడియోను మూడోసారి చూస్తూ ఒకచోట ఆపమంది. గొలుసాయన దగ్గర కాదు. వెనక, నల్ల ఏప్రాన్ కట్టుకుని ప్లేట్లు పట్టుకుని తిరుగుతున్న పిల్ల దగ్గర. "గా పిల్లకు బువ్వ పెట్టిన్రా?" అంది.

అదీ అడిగాను. వాళ్ళు క్యాటరింగ్ కంపెనీ పిల్లలు, గంటకింత అని జీతం, పోతూ పోతూ మిగిలిన శాండ్‌విచ్‌లు డబ్బాల్లో కట్టుకుని తీసుకెళ్ళారని చెప్పింది. అత్తమ్మకు చెప్పాను.

కాసేపు ఆలోచించింది.

"మిగిలినయా?" అంది.